ఆయన గొంతున్న డబ్బా

గోడకున్న స్విచ్చి వేయగానే కంప్యూటర్ డబ్బా వెనక ఠప్పుమంది. మరీ పెద్ద చప్పుడేం కాదు, పొయ్యిలో చింతగింజ పేలినట్టు. ఆ వెంటనే ఒక వాసన. కాలిన రబ్బరు అందామా, మాడిన చేప అందామా, రెండూ కలిసినట్టుంది. దసరా మరునాటి పొద్దున అది. డబ్బా మీద పెట్టిన జమ్మి ఆకు ఇంకా వాడిపోలేదు.

నేను చదువుకున్నదాన్ని కాదు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, సంతకం గీస్తాను, అంతే. కానీ ఆ డబ్బాతో పని చేయడం నాకు వచ్చు. ఎట్లా వచ్చిందో చెప్తేగానీ ఆ పొద్దున నాకేం పోయిందో మీకు తెలియదు.

మాది హాలియా దగ్గర కాలువ కింది ఊరు. నా పెనిమిటి గొంతు మీద బతికిన మనిషి. ఊళ్ల మీద తిరిగే ఆటోల్లో మైకు మోగుతుంటుంది కదా, ఉల్లిగడ్డలమ్మా అనీ, చేపలమ్మా అనీ, బకెట్లు బిందెలు అనీ. ఆ మాటలు చెప్పేది ఆయన. ముందు గది కిటికీకి పాత బొంత కట్టి, మైకు ముందు కూర్చుని కంప్యూటర్‌లోకి చెప్పేవాడు. వెనక డప్పు కలిపి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఆటోవాళ్లకు ఇచ్చేవాడు. చుట్టుపక్కల ఏ ఊరి గల్లీలో నిలబడినా ఏదో ఒక ఆటోలో ఆయన అరుస్తూ పోతుండేవాడు. ఇంట్లో మాత్రం నోట్లో నోట్లో మాట్లాడేవాడు.

"ఆ మైకుల ఒర్రినట్టు ఇంట్ల ఒక్కపారన్న ఒర్రయ్యా, ఇనవడ్తది" అనేదాన్ని.

"ఇంట్ల ఒర్రితె కొనేటోడెవడే?" అనేవాడు.

తర్వాత దగ్గు పట్టుకుంది. దవాఖానలు తిరిగాం. ఊపిరితిత్తులు ఎండిపోతున్నాయన్నారు. ఇక గొంతు కూడా పోతుందని ఆయనకు ముందే తెలిసింది. తెలిసి, ఒక పని చేశాడు. బొంత కట్టిన గదిలో కూర్చుని ఒట్టి మాటలు చెప్పి పెట్టాడు. డప్పు లేదు, పాట లేదు. ఒకటి. ఒకటిన్నర. రెండు. రెండున్నర. కిలో. యాభై. వంద. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, టమాట, ఎండుమిర్చి. చేపల్లో బొచ్చెలు, రవ్వలు. చాపలు, చీపుర్లు. మధ్యలో దగ్గు వస్తే ఆగి, నీళ్లు తాగి, మళ్లీ చెప్పేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, రేటు మారినప్పుడు ఏ మాట తీసి ఏ మాట అతికించాలో చూపించాడు.

"నాకు సదువు రాదు గదయ్యా" అన్నాను.

"ఇండ్ల సదువేడున్నది? గీతలు జూడు. మూడు అంటె గిట్లుంటది, నాలుగు అంటె గట్ల. ఇంత పెద్ద ముగ్గులేస్తవు, గీత గుర్తువట్టలేవా?"

గుర్తుపట్టాను. తెర మీద ప్రతి మాటా గీతల గుంపే. "వంద" మూతి సన్నటి కుండలా ఉంటుంది. "కిలో" రెండు గుట్టలు పక్కపక్కన నిలబడినట్టు. "ఉల్లిగడ్డ" తోక పొడుగు బల్లి. దగ్గు వచ్చిన చోట గీతలు ముళ్లకంప వేసినట్టు నిక్కబొడుచుకుని ఉంటాయి. ఆ ముళ్లకంపలు తీసేయడం కూడా చూపించాడు. నేను తీయలేదు.

ఆయన పోయాక ఆటోలవాళ్లు నా దగ్గరికే వచ్చారు. ఉల్లిగడ్డ రేటు మారితే, వందకు మూడు కిలోలు అన్నచోట మూడు తీసి రెండున్నర పెట్టేదాన్ని. ఆయన నోటి నుంచే కొత్త రేటు వచ్చేది. మట్టిలో కలిసిన మనిషి, ఆ వారం టమాట ఎంతకు దొరుకుతుందో చెబుతూ ఊళ్లు తిరిగేవాడు. నా తిండి ఆ గీతల్లోంచే వచ్చింది, నిజమే. కానీ తిండి ఒక్కటే అయితే కూలికి పోతే దొరుకుతుంది. బొంత కట్టిన గదిలో కూర్చుని మీట నొక్కితే ఆయన "రెండున్నర" అనేవాడు. మళ్లీ నొక్కితే మళ్లీ అనేవాడు. విసుక్కునేవాడు కాదు.

ఒక్క పాత సామాను ఆటో అతను మాత్రం ఎప్పుడూ రాలేదు. అతని మాటల్లో రేటు లేదు. పాత ఇనుము కొంటాం, పాత ప్లాస్టిక్ కొంటాం అనడమే. మార్చాల్సిన అవసరం పడలేదు.

ఇప్పుడు దసరా సంగతి. పనిముట్లకు బొట్టు పెట్టే పండుగ కదా. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ పొద్దున డబ్బాను తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఆ రోజంతా దాన్ని ముట్టకుండా వదిలేసేవాడు. చివరి దసరాకు పెట్టిన బొట్టు డబ్బా ముందువైపు అట్లాగే ఉండిపోయింది. ఆయన పోయిన ఏడు మాకు పండుగ లేదు. నేను దుమ్ము తుడిచినా ఆ బొట్టు చుట్టూ తుడిచేదాన్ని. ఆ తర్వాతి ఏడు దసరా వచ్చింది. నేను బొట్టు పెట్టకూడదన్నారు. మా యారాలు, అంటే ఆయన తమ్ముడి భార్య, తలస్నానం చేసి పళ్లెం పట్టుకుని వచ్చింది.

"పాత బొట్టు మీద కొత్త బొట్టు పెట్టద్దక్కా. తుడువాలె" అంది.

"అది ఉండనియ్యే. పక్కకు పెట్టు."

"గట్లెవలన్న ఉంచుతరా? నిరుడుముందటి కుంకుమ, ఎలిసిపోయి రక్తం మరక లెక్కున్నది. పనిముట్టు సల్లగుండాలంటె మంచిగ కడగాలె."

తడిగుడ్డతో తుడిచేసింది. నేను ఆ పక్కకు చూడలేదు. కొబ్బరికాయ తెస్తానని వంటింట్లోకి వెళ్లాను. వచ్చేసరికి డబ్బాకు ముందూ వెనకా, రెండు పక్కలా కొత్త బొట్లు ఉన్నాయి, కొత్త బండికి పెట్టినట్టు. మంచిగనే ఉంది. ఆ రోజు ముట్టుకోలేదు. మరునాడు స్విచ్చి వేశాను.

ముందు వాడకట్టులో కరెంటు పోయిందనుకున్నాను. తలెత్తి చూస్తే లైటు వెలుగుతోంది. అదే ప్లగ్గులో టేబుల్ ఫ్యాన్ పెట్టాను, తిరిగింది. తెరకున్న వైరూ డబ్బాకున్న వైరూ ఒకే తీరువి, మార్చి పెట్టాను. మీట నొక్కాను. ఏమీ లేదు. చిన్న లైటు లేదు, గాలి చప్పుడు లేదు. డబ్బా మీద చేయి పెట్టి చూశాను. ఆయన పోయిన పొద్దున కూడా ముందు చేయే పెట్టి చూశాను.

ఉల్లిగడ్డల ఆటో అబ్బాయి అప్పుడే మా గల్లీలోకి వచ్చాడు. తమ్ముడూ అని పిలుస్తాను అతన్ని. నా సంగతి విని డబ్బాను తనే ఎత్తి ఆటోలో పెట్టాడు.

"హాలియాల ఒక భాయ్ ఉన్నడక్కా, టీవీలు, కంప్యూటర్లు అన్నీ జేస్తడు. ఎక్కు. ఆడంగనే పోత. జర అమ్ముకుంట పోత, ఏమనుకోకు."

ఉల్లిగడ్డ సంచుల మధ్య కూర్చుని డబ్బాను ఒళ్లో పెట్టుకున్నాను. నెత్తి మీద మైకు. కాలువ గట్టు పొడుగునా ఆయన అరుస్తూనే ఉన్నాడు, "రండమ్మా రండి, ఎర్రటి ఉల్లిగడ్డలు, వందకు మూడు కిలోలు". రెండు పక్కలా వరి పొట్ట మీదుంది. ఊరూరా ఆటో ఆగింది. ఆడవాళ్లు గిన్నెలు, సంచులు తెచ్చి ఏరుకుంటూ నన్ను చూశారు.

"గా ఒళ్లె డబ్బా ఏందే?" అని ఒక ముసలమ్మ అడిగింది.

ఏం చెప్పాలి? నెత్తి మీద అరిచే మనిషే ఒళ్లోనూ ఉన్నాడని చెప్పాలా? "పాడైందవ్వా, బాగుకు తీస్కపోతున్న" అన్నాను.

భాయ్ దుకాణం బస్టాండు వెనక. ముందు రేడియోలు బాగుచేసేవాడట, తర్వాత టీవీలు, ఇప్పుడు కంప్యూటర్లు. బయట ఆగిన ఆటోలో గొంతు విని నా వైపు చూశాడు.

"గీ ఉల్లిగడ్డలాయన ఇంటామెవా నువ్వు? రోజు నా దుకాణం ముంగట ఒర్రుకుంట పోతడు. నా ఫోన్ల మాట నాకు ఇనవడనియ్యడు."

"మైకుల గొంతు మా ఆయనది. ఆయన లేడు భాయ్."

భాయ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేను రోజు తిడుతుంటి" అన్నాడు.

డబ్బాను వెనక్కి తిప్పి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత దాని మీద వేలు పెట్టి ఆగాడు. వైరు పెట్టే చోటు పక్కన, చిన్న గాడిలో, కందిగింజంత ఎర్రటి మీట ఒకటి ఉంది. దాని చుట్టూ పసుపు రాసి ఉంది.

"చెల్లె, గీ ఎర్రది ఎవలు జరిపిండ్రు?"

అప్పటిదాకా అక్కడొక మీట ఉందనే నాకు తెలియదు. చూడగానే అర్థమైంది. గాడిలో ఎర్రగా ఎండిపోయిన కుంకుమలాగే ఉంది అది. యారాలు పాత బొట్టు అనుకుంది. గోరుతో గీకింది. గీకితే జరిగింది.

"అది జరిపితె ఏమయితది భాయ్?"

"కొన్ని దేశాలల్ల కరెంటు మన దాంట్ల సగమే ఉంటది. గా దేశంల ఉన్నవని డబ్బాకు చెప్పుడన్నట్టు గిది. నమ్మింది. సగం వస్తదనుకోని నోరు దెరిసింది. మన కరెంటు మొత్తం వచ్చి వడ్డది."

పక్క రేకు విప్పాడు. లోపల మూలకు ఒక ఇనుప పెట్టె ఉంది, దానిలోంచి రంగురంగుల వైర్లు అన్ని దిక్కులకూ పోయాయి. పవర్ సప్లై అంటారట దాన్ని.

"ఇంటికి పెద్దకోడలసుంటిది చెల్లె ఇది. గోడల కరెంటు దీస్కోని, ఎవలకెంత గావాల్నో గంత వడ్డిస్తది. ఇది వడిపోతె ఇల్లంత పస్తు. సరే, పానం ఉన్నదా లేదా సూద్దాం. పిన్నీసున్నదా?"

భుజం మీది పిన్నీసు తీసి ఇచ్చాను. వైర్లన్నీ కలిసే వెడల్పాటి ప్లగ్గును పీకి, పిన్నీసును వంచి, ఒక కొస ఆకుపచ్చ వైరు ఉన్న రంధ్రంలో, ఇంకో కొస నల్ల వైరు ఉన్న రంధ్రంలో గుచ్చాడు.

"ఇప్పుడు స్విచ్చేస్తె దీని ఫ్యాన్ తిరగాలె. తిరిగితె బతికున్నట్టు."

స్విచ్చి వేశాడు. ఇద్దరం ఆ ఫ్యాన్ రెక్కలనే చూశాం. బయట ఆయన "వందకు మూడు కిలోలు" అంటున్నాడు. రెక్కలు కదలలేదు. భాయ్ ఇంకోసారి వేశాడు. నా తృప్తికి మరోసారి. తర్వాత ఆ పెట్టె మూత విప్పి చూపించాడు. లోపల మసి. నిలువుగా ఉన్న చిన్న డబ్బీలు రెండు పొట్ట ఉబ్బి, నెత్తి పగిలి ఉన్నాయి.

"ఇది ఖతం. దీని ఫికర్ లేదు, వేరేది పెడ్త. కని ఇది పొయ్యేటప్పుడు ఉత్తగ పోయిందా, ఎవలనన్న ఎంబడి తీస్కపోయిందా, గది సూడాలె."

షెల్ఫు మీంచి ఇంకో పెట్టె దించి వైర్లు తగిలించి, డబ్బాను తన తెరకు కలిపాడు. నొక్కాడు. ఫ్యాన్ గుర్రుమంది. లోపల చిన్న లైటు వెలిగింది. తెర నల్లగా అయి, దాని మీద తెల్ల అక్షరాలు వచ్చాయి.

"వచ్చింది భాయ్! వచ్చింది!" అని నిలబడ్డాను. అక్షరాలు చదవడం రాని నాకు ఆ అక్షరాలు ఎంత ముద్దొచ్చాయో.

"కూసో చెల్లె" అన్నాడు భాయ్. ఆ "కూసో" అన్న తీరుకే మళ్లీ కూర్చున్నాను. "డిస్కు కనవడ్తలేదని రాసింది. డబ్బాల మాటలన్నీ దాచుకునేది డిస్కే."

దాన్ని విప్పి తీశాడు. అరచేయంత ఇనుప పలక. కరెంటు ఇచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాడు. నాకూ ఇచ్చాడు. "సన్నగ తిరిగినట్టు ఇనవడాలె" అన్నాడు. చెవికి గట్టిగా ఒత్తుకున్నాను. నా గుండె చప్పుడే వినిపించింది. పలక కింద ఆకుపచ్చ అట్ట మీద, పోపులో మాడిన ఆవగింజంత నల్ల మచ్చ ఉంది.

"గీ మాటలు ఇంకోదాంట్ల ఏడనన్న ఎక్కించి పెట్టుకున్నరా?"

"లేదు భాయ్. ఇండ్లనే ఉన్నయి."

"పెన్‌డ్రైవ్‌లల్ల ఉన్నయి గద?"

"వాటిల్ల డప్పు గల్సి ఉన్నది. మాట పీకితె డప్పు గూడ వస్తది, సగం మాట తెగుతది. ఉత్త మాటలన్నీ దీంట్లనే."

భాయ్ ఆ రోజు ఇంకే పని ముట్టుకోలేదు. అట్లాంటిదే ఒక పాత డిస్కు వెతికి, దాని అట్ట తీసి దీనికి బిగించాడు. అప్పుడు లోపల ఏదో తిరిగింది. ఆశ పుట్టేలోపే టిక్కు, టిక్కు అని కొట్టుకోవడం మొదలైంది. బల్లి అరిచినట్టు. భాయ్ వెంటనే కరెంటు తీసేశాడు. హైదరాబాద్‌లో తెలిసినవాళ్లకు పంపుతానన్నాడు. కాలిపోయిన పెట్టెను కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు. పిన్నీసు ఇచ్చాడు. అది వంగిపోయి ఉంది.

ఇంటికి వచ్చేదారిలో యారాలిని ఏమేం అనాలో అన్నీ కూర్చుకున్నాను. అది వాకిట్లోనే నిలబడి ఉంది.

"అయ్యిందా అక్కా బాగు?"

"ఎనకల ఎర్రగుంటే గీకినవా?"

"ఆఁ. నాలుగుపార్లు గీకినా పోలె. పాత బొట్టు బిగిసి గట్టివడ్డదనుకున్న. లోపటికి జరిగింది." నా ముఖం చూసింది. "ఏమైందక్కా? నేనేమన్న జేసిన్నా?"

కూర్చుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. ఆమె కొనగోటి సందులో ఇంకా పసుపు ఉంది. ఏ పాపమూ ఎరగని పసుపు. "ఏం జెయ్యలె. కరెంటుకు పోయింది" అన్నాను. కానీ ఆమెకు అర్థమైంది. ఆ తర్వాత చాలా రోజులు మా వాకిలి తొక్కలేదు. ఆమెను ఓదార్చే శక్తి కూడా నాకు లేకపోయింది.

హైదరాబాద్ నుంచి డిస్కు ఎట్లా పోయిందో అట్లాగే తిరిగి వచ్చింది. భాయ్ ఫోన్‌లో "రాలె చెల్లె" అన్నాడు. అంకెలు పోయాయి. కూరగాయల పేర్లు పోయాయి. ముళ్లకంపలు కూడా పోయాయి. మనిషి దగ్గు కోసం ఎవరైనా ఏడుస్తారా? నేను ఏడ్చాను. బొంత కట్టిన గదిలో తలుపేసుకుని ఏడ్చాను, ఆ గదిలోంచి బయటికి చప్పుడు రాదు కనుక.

భాయ్ కొత్త డిస్కు వేసి డబ్బాను తిరిగి పంపాడు, పాత డిస్కును కూడా. చక్కగా వెలుగుతుంది. లోపల ఏమీ లేదు.

ఉల్లిగడ్డ రేటు పెరిగింది. పెన్‌డ్రైవ్‌లో ఆయన మాత్రం మూడు కిలోల దగ్గరే ఆగిపోయాడు. మా గల్లీలోనే ఒక ఆమె తమ్ముణ్ణి పట్టుకుంది.

"మైకుల మూడంటవ్, కాంటల రెండు వెడ్తవ్. మేమేమన్న పిచ్చోళ్లమా?"

"అది పాత రేటమ్మా."

"పాత రేటు ఒర్రుడెందుకు మరి? కొత్తది ఒర్రిపియ్యి!"

కొన్నాళ్లు మైకు మోగుతుండగానే దాని మీద తనూ అరిచి చూశాడు, "రెండు కిలోలే, రెండు కిలోలే" అని. ఆయనొకటి, ఇతనొకటి. జనం నవ్వారు. ఒక పొద్దున నా గడప దగ్గరకు వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు. వేరేచోట చెప్పించుకుంటానని అనలేక నిలబడ్డాడని నాకు తెలుసు.

"లోపలికి రా. నేనే జెప్త" అన్నాను.

మైకు ముందు కూర్చుని చెప్పాను. నా గొంతు మీకు తెలియదు. ఎండిన తోలు మీద గీకినట్టుంటుంది. తెర మీద గీతలు వచ్చాయి. కుండ లేదు, గుట్టలు లేవు, చెత్త ఊడ్చి కుప్ప పెట్టినట్టు ఉన్నాయి. తమ్ముడు విని, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"కోపం జెయ్యకక్కా. జర భయం పుట్టేటట్టున్నది."

"ఉల్లిగడ్డ గోసినంక ఎట్లనన్న ఏడుసుడే గదరా. ముందుగాలనే మొదలువెడ్తరు తియ్యి."

నవ్వి తీసుకుపోయాడు. మరునాడు గల్లీ చివర ఆటో మలుపు తిరిగింది. ఆయన గొంతు వచ్చే చోట నా గొంతు వచ్చింది. ఆ ఆటోలోంచి ఆయనను దించేసింది నేనే. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను. చేపలతనికి, బకెట్లతనికి కూడా తర్వాత అట్లాగే చెప్పాను. ఒక్కొక్క రేటు మారుతుంటే ఒక్కొక్క ఆటోలోంచి ఆయన దిగిపోయాడు.

ఇక మిగిలింది పాత సామాను ఆటో.

అది ఎప్పుడో ఒకసారి వస్తుంది. "పాత ఇనుము కొంటాం, పాత ప్లాస్టిక్ కొంటాం, చెడిపోయిన టీవీలు, కూలర్లు, కంప్యూటర్లు కొంటాం. ఇంట్ల మూలకు పడ్డది ఏదున్నా తీస్కరండమ్మా." ఆయన ఒంట్లో బాగున్ననాడు చెప్పిన మాటలు, ఒక్క దగ్గు లేదు. మొదటిసారి ఆటో వచ్చినప్పుడు కాగితంలో చుట్టిన ఆ కాలిన పవర్ సప్లై పెట్టె పట్టుకుపోయి ఇచ్చాను. డిస్కు కొంగులోనే ముడివేసి ఉంది.

"ఇంకేమన్న ఉన్నదా అమ్మా?" అన్నాడు అతను.

నెత్తి మీద ఆయన కూడా "ఏదున్నా తీస్కరండమ్మా" అన్నాడు.

"సూసొస్త. జర నిలవడు" అని ఇంట్లోకి వచ్చాను. వెతకలేదు. తలుపు వెనక నిలబడి విన్నాను. మొత్తం అయిపోయి మళ్లీ మొదటికి వచ్చేదాకా విన్నాను. అతను హారన్ కొడితే, దండెం కింద పగిలిన బకెట్ కనిపిస్తే తెచ్చి ఇచ్చాను.

అప్పటి నుంచి ఆటో వచ్చిన ప్రతిసారీ "సూసొస్త" అంటాను. ఏమీ ఇవ్వకపోతే నిలబడడు కదా. తుప్పు పట్టిన కొడవలి ఇచ్చాను. కాళ్లు విరిగిన కుర్చీ ఇచ్చాను. నీళ్లు కారే బిందె ఇచ్చాను. ఇంట్లో పాత సామాను అయిపోయింది. మొన్న వచ్చినప్పుడు మంచి గంటె ఇచ్చాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మంచిగనే ఉన్నది గదమ్మా" అన్నాడు.

"లేదు, పాడైంది" అన్నాను. "జర నిలవడు, ఇంకేమన్న ఉన్నదేమో సూసొస్త."